పగడానికి బిళ్ళ కట్టే చెయ్యి

శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటలో బంగారం కొట్టుకెళ్ళి నల్లపూసల గొలుసు తీయించి చూస్తే ఇప్పుడు ఒక చిన్న తంతు జరుగుతుంది. కొక్కెం పక్కన భూతద్దం పెడితే గాని కనపడనంత సన్నగా అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు చెక్కి ఉంటాయి. దాన్ని హెచ్‌యూఐడీ అంటారు, ఆ నగ ఒక్కదానికే ఇచ్చే గుర్తింపు నంబరు. ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరూ కొడితే నగ ఏ రకం, బంగారం స్వచ్ఛత ఎంత, పరీక్ష ఎక్కడ జరిగింది అన్నవి ఫోన్‌లో కనిపిస్తాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ అని అమ్మితే ఈ నంబరు ఉండాల్సిందే. పెళ్ళికూతురి మేనత్త ఆ నంబరు కొట్టి చూసి తృప్తి పడుతుంది. తర్వాత అదే గొలుసులో నల్లపూసల మధ్య ఉన్న ఎర్ర పగడాన్ని గోటితో గీకి, "ఇది అసలుదేనా బాబూ?" అంటుంది. "గ్యారంటీ అమ్మా" అంటాడు కొట్టాయన. పగడానికి ఉన్న పత్రం ఆ ఒక్క మాటే.

నగల్లో వాడే మేలైన ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో దొరుకుతుంది. ఇటలీలో నేపుల్స్ పక్కనున్న టోర్రె డెల్ గ్రెకో అనే ఊరు దాన్ని సానబట్టి పూసలు చేయడంలో తరతరాలుగా పేరు మోసింది. మనం రాయి అనుకునే పగడం నిజానికి ఒక జీవి ఎముక. చిన్న చిన్న జీవులు గుంపుగా బతుకుతూ కట్టుకున్న గట్టి గూడు. ఏడాదికి అర మిల్లీమీటరు మందం కూడా పెరగదు. అందుకే మధ్యధరా దేశాలు మొదలు దగ్గర 7 మిల్లీమీటర్ల కంటే సన్నంగా ఉన్న కొమ్మను కోయకూడదనీ, 50 మీటర్ల కంటే తక్కువ లోతులో అసలు ముట్టుకోకూడదనీ నియమం పెట్టుకున్నాయి. ఆ 7 మిల్లీమీటర్లు రావడానికి ఇరవై ఏళ్ళు పట్టవచ్చు. నియమం బాగానే ఉంది. పూస అయ్యాక మాత్రం అది ఎంత మందం కొమ్మ నుంచి వచ్చిందో, ఎంత లోతు నుంచి తీశారో చెప్పగలిగేవాడు ఉండడు. పైగా వెదురు పగడం అనే చౌక రకానికి ఎర్ర రంగు పట్టించి అమ్మేవాళ్ళున్నారు. గాజు, ప్లాస్టిక్ సంగతి సరేసరి.

ఇంకో వ్యాపారం ఉంది. అద్దాల తొట్టెల్లో చేపల పక్కన పెంచుకోవడానికి ప్రాణంతో ఉన్న పగడాలను అమ్మడం. ఇండోనేషియా, ఆస్ట్రేలియా వంటి దేశాల నుంచి ఇవి అమెరికా, యూరప్‌లకు విమానాల్లో వెళ్తాయి. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం ఏడాదికి 200 టన్నులకు మించి తీయకూడదని కోటా పెట్టింది. అక్కడ వలలు, డ్రెడ్జర్లు ఉండవు. మనిషి నీళ్ళలోకి దిగి, ఉలీ సుత్తీతో ఒక్కో ముక్క చేత్తో తీస్తాడు. ఒక్కో ముక్కగా తీసేది కాబట్టి ఒక్కో ముక్కకూ నంబరు బిళ్ళ కట్టి, ఫోన్ యాప్‌లో ఎక్కించి, కొనేవాడి తొట్టె దాకా దాని జాడ తెలిసేలా చేయొచ్చు కదా అన్న ఆలోచన అక్కడే పుడుతుంది.

శ్రీకాకుళానికి దీనితో పనేమిటని అడగడం న్యాయమే. ఈ తీరంలో పగడపు దిబ్బలంటూ చెప్పుకోదగ్గవి లేవు. వంశధార, నాగావళి వానాకాలంలో తెచ్చి పోసే మంచినీరు, ఒండ్రుమట్టి పగడానికి పడవు. దానికి తేటనీరు, వెలుతురు, నిలకడగా ఉప్పు కావాలి. అందుకే మన దేశపు పెద్ద దిబ్బలన్నీ అండమాన్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖల్లో ఉన్నాయి. రాతి నేల ఉన్నచోట వలకి చిక్కేది మహా అయితే సముద్రపు విసనకర్ర. జల్లెడలా అల్లుకున్న కొమ్మలతో చెట్టులా ఉంటుంది, అదీ పగడాల చుట్టమే. కోయడమైతే చట్టం ఎక్కడా ఒప్పుకోదు. 2001లో దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నిటినీ, నల్ల పగడాన్నీ, ఈ సముద్రపు విసనకర్రలనూ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఎంత రక్షణో పగడానికీ అంతే. అనుమతి తీసుకుని పరిశోధన కోసం నమూనా తీసేవాళ్ళు తప్ప భారత జలాల్లో పగడం తీసేవాడెవడైనా చట్టం కళ్ళకు దొంగే.

కానీ ఇక్కడి మనుషులు పగడాలున్న చోటనే వేట చేస్తున్నారు. పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో వల వేసేవాళ్ళలో ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి స్థిరపడ్డ తెలుగువాళ్ళు చాలామంది. ఎచ్చెర్ల, గార వైపు ఊళ్ళ నుంచి ఏటా గుజరాత్ వెరావల్‌కు కళాసీలుగా వెళ్ళేవాళ్ళ సంగతి తెలియనిది కాదు. అండమాన్‌లో చుట్టాలింటికి వెళ్ళొస్తూ తీరాన దొరికిన తెల్లటి పగడపు ముక్క సంచీలో వేసుకుంటే విమానాశ్రయంలో ఆపుతారు. పక్క కొట్లో కొన్న గవ్వకు బిల్లు ఉంటే వదులుతారు. రెండూ సముద్రంలోవే, ఒకదానికి కాగితం ఉంది.

జాడ తెలియడం అంటే ఏమిటో అక్షరం ముక్క రానివాళ్ళకి కూడా ఇప్పటికే తెలుసు, పాడి పశువులున్న ఇంట్లో అయితే మరీనూ. ఆవు చెవికి పసుపు ప్లాస్టిక్ బిళ్ళ, దాని మీద 12 అంకెలు. పశువుల డాక్టరు వచ్చి ఫోన్‌లో ఆ అంకెలు కొడితే గాలికుంటు టీకా ఎప్పుడు వేశారో తెలుస్తుంది. తమాషా ఏమిటంటే, పగడాల మీద పరిశోధన చేసేవాళ్ళు సముద్రం అడుగున వాడేది చాలాచోట్ల ఇలాంటి బిళ్ళలే. పశువుల చెవికి చేసిన బిళ్ళను పగడం పక్కన రాతికి మేకుతో కొడతారు, లేదా కొమ్మకు జిప్ టైతో బిగిస్తారు. గట్టి ప్లాస్టిక్, ఉప్పుకు తుప్పు పట్టదు, అంకెలు పెద్దవి, ధర తక్కువ. ఇంతకంటే మంచిది కనిపెట్టాల్సిన అవసరం ఇన్నాళ్ళూ ఎవరికీ పెద్దగా రాలేదు.

ఆవుకీ పగడానికీ మాత్రం చాలా తేడా ఉంది, చిక్కంతా అక్కడే.

ఆవు ఒక్కటే ఆవు. పగడాన్ని పది ముక్కలు చేస్తే పది పగడాలు అవుతాయి, అన్నీ బతుకుతాయి. అరటి దుంప నుంచి పిలకలు తీసినట్టే. కాబట్టి నంబరు ఒక ముక్కకి ఇస్తే చాలదు. తల్లికి ఒక నంబరు, పిలకలకు దాని కింద నంబర్లు, వాటి పిలకలకు ఇంకా కింద. యాప్‌లో వంశవృక్షం లాంటిది ఉండాలి. లేకపోతే పదకొండో ముక్క ఎక్కడి నుంచో ఊడిపడి ఆ ఇంటిపేరే పెట్టుకుంటుంది. రెండో తేడా, చావు. తీసిన పగడాల్లో కొన్ని దారిలో చస్తాయి. ఆవు చచ్చిపోతే ఊరంతటికీ తెలుస్తుంది. తొట్టెలో ఒక ముక్క తెల్లబడి చస్తే కట్టిన బిళ్ళ విప్పి, రాత్రికి రాత్రి తెచ్చిన ఇంకో ముక్కకు కట్టేస్తే ఎవరు చూడొచ్చారు? అందుకే విప్పితే తెగిపోయే బిళ్ళ కావాలి. చచ్చిందని యాప్‌లో రాయడం సులువుగా ఉండాలి, రాసినందుకు శిక్ష ఉండకూడదు. చావు రాస్తే కోటా కోసేస్తారంటే ఏ పగడమూ చావదు, కాగితం మీద.

మొసలి తోలు వ్యాపారంలో ఈ పని ఏనాడో జరిగింది. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం కింద ఎగుమతయ్యే ప్రతి మొసలి తోలుకూ తిరిగి విప్పలేని బిళ్ళ ఉంటుంది. దాని మీద దేశం అక్షరాలు, జాతి గుర్తు, ఏడాది, వరుస నంబరు ఉంటాయి. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ అదే సైటిస్ రెండో అనుబంధంలో, అంటే పర్మిట్ మీదే ఎగుమతి చేయాల్సినవాటి జాబితాలో ఉన్నా వాటికి ఇలాంటి బిళ్ళ లేదు. పర్మిట్ మీద ప్రాణంతో ఉన్నవైతే ఇన్ని ముక్కలు, రాయిగా మారినవైతే ఇన్ని కిలోలు అని రాస్తారు. జాతి గుర్తుపట్టడం నిపుణులకే కష్టం కాబట్టి చాలా సందర్భాల్లో ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు రాస్తే సరిపెట్టుకుంటారు. చచ్చిన పగడపు ముక్క 30 మిల్లీమీటర్లకు లోపు ఉంటే గులకరాయి కింద లెక్క, ఒప్పందం దాన్ని పట్టించుకోదు. నగల ఎర్ర పగడం పరిస్థితి మరీ వింత. దాన్ని రెండో అనుబంధంలో చేర్చాలని 2007లో హేగ్‌లోనూ 2010లో దోహాలోనూ పెట్టిన ప్రతిపాదనలు వీగిపోయాయి. పసిఫిక్ పగడాల్లో నాలుగు జాతుల్ని మాత్రం చైనా 2008లో తన తరఫున, ఏ దేశమైనా తనంతట తాను పేర్లు చేర్చుకోగలిగే మూడో అనుబంధంలో పెట్టించింది. నరసన్నపేట గొలుసులో పూసకు కాగితం లేకపోవడానికి మూలం ఇక్కడుంది.

యాప్ పెట్టాలనుకున్నప్పుడు అందరి దృష్టీ చివరి మనిషి మీదే పడుతుంది. కొనేవాడు క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తాడు, నీలి సముద్రం ఫోటో వస్తుంది, మనసు కుదుటపడుతుంది. అసలు పరీక్ష మొదటి మనిషి దగ్గర. పదిహేను మీటర్ల లోతులో ఒక చేత్తో ఉలి, ఒక చేత్తో బుట్ట పట్టుకున్నవాడి దగ్గర. వాడి పరిస్థితి ఒకసారి ఊహించుకోవాలి. నీళ్ళలో జీపీఎస్ పనిచేయదు, ఆ సంకేతం నీటిలోకి కొద్ది అడుగులైనా దిగదు. అంటే యాప్ రాసుకునే అక్షాంశ రేఖాంశాలు పైన లంగరేసిన పడవవి. పగడం అక్కడికి యాభై మీటర్ల అవతల ఉండొచ్చు. ఫోటో తీసినా ఎరుపు రంగు మొదటి కొన్ని మీటర్లలోనే నీళ్ళు మింగేస్తాయి, ఎర్ర పగడం నల్లగా బూడిదగా పడుతుంది. పక్కన రంగుల పట్టీ, సెంటీమీటర్ల స్కేలు పెట్టి తీస్తే గాని ఆ ఫోటో సాక్ష్యంగా నిలబడదు. పైకి వచ్చాక తడిచేతులతో ఫోన్ తెర వినదు. ఉప్పు కాయకట్టిన వేలికి వేలిముద్ర తాళం తెరుచుకోదు. సిగ్నల్ సంగతి తీరంలో ఉండేవాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఒడ్డు కనుమరుగైతే ఫోన్ టార్చిలైటుగా తప్ప పనికిరాదు.

కాబట్టి ఈ యాప్ ముందుగా సిగ్నల్ లేకుండా పనిచేయాలి. రాసింది ఫోన్‌లోనే ఉండి, ఒడ్డుకొచ్చాక దానంతటదే పైకి వెళ్ళాలి. ఆ మధ్యలో తేదీ, సమయం మార్చడానికి వీల్లేకుండా ముడివేసి ఉండాలి. బిళ్ళ నీళ్ళలోనే కట్టాలి, పడవలో బుట్ట బోర్లించి కూర్చుని వరసగా కట్టుకుంటూ పోతే ఏది ఎక్కడిదో కట్టినవాడికే తెలియదు. ఫారంలో ఇరవై గడులు ఉండకూడదు. బిళ్ళ నంబరు, ఫోటో, లోతు, రకం. నాలుగు చాలు. రకం దగ్గర లాటిన్ పేర్ల జాబితా కాకుండా బొమ్మలు ఉండాలి. తెలుగు కళాసీ పట్టుకునే ఫోన్ అయితే మాటతో చెప్పేలా ఉండాలి. ఇవన్నీ చిన్న విషయాల్లా కనిపిస్తాయి. ఊళ్ళో పంట నమోదు యాప్ పట్టుకుని గట్ల వెంట తిరిగినవాళ్ళను అడిగితే ఇవి ఎంత పెద్దవో చెబుతారు. పొలం మధ్యలో నిలబడి తీయాల్సిన ఫోటో ఎండకు గట్టు మీదే తీస్తే, యాప్‌లో వరి పక్కవాడి సర్వే నంబరులో పండుతుంది.

బిళ్ళ కూడా ఎక్కువ రోజులు శుభ్రంగా ఉండదు. ఉప్పునీటిలో కొన్ని వారాలు ఉంటే పాచి పడుతుంది, ఆపై గుల్లలు అంటుకుంటాయి. క్యూఆర్ కోడ్‌లో మూడోవంతుకు కాస్త తక్కువ చెరిగిపోయినా చదవగలిగే రకం ఉంది, పాచి అక్కడితో ఆగదు కదా. రేడియో చిప్ పెట్టొచ్చు. గోదాముల్లో దూరం నుంచి చదివే రకం నీళ్ళలో మూగబోతుంది, ఆవు చర్మం కింద పెట్టే తక్కువ ఫ్రీక్వెన్సీ రకమే నీటిలో దగ్గర నుంచి పలుకుతుంది. దానికి వేరే రీడర్ కావాలి, ఖర్చు పెరుగుతుంది. పెద్ద అంకెల పసుపు బిళ్ళను గోటితో గీకి చదువుకోవడమే ఇప్పటికీ నమ్మకమైన పద్ధతి అంటే నవ్వు రావొచ్చు.

ఈ లెక్కలు నిజంగా ఉపయోగపడేది ఒక్కచోట. సముద్రంలో సహజంగా పెరిగినదాన్ని తోటలో పెంచినదని చెప్పి అమ్మే మోసాన్ని పట్టుకోవడంలో. సైటిస్ పర్మిట్ మీద ఒక్క అక్షరం ఉంటుంది. సహజమైనదైతే డబ్ల్యూ, పెంపకంలో మొదటి తరమైతే ఎఫ్, ఆ తర్వాతి తరాలైతే సీ. డబ్ల్యూకి కోటా గట్టిగా ఉంటే, ఎఫ్ అని రాయాలనే ఆశ సహజంగానే పుడుతుంది. ఇండోనేషియా 2018లో పగడాల ఎగుమతి మొత్తం ఆపేసి 2020లో తిరిగి మొదలుపెట్టింది. ఆ మధ్యకాలంలో పెంచినవి కూడా ఆగిపోయాయి, పెంచినవాళ్ళ బతుకూ ఆగింది. తమది తోటలోదే అని నిరూపించుకునే ఆధారం చేతిలో ఉంటే నిజాయతీపరుడు మొదట బయటపడతాడు. తల్లీపిల్లల నంబర్లున్న యాప్‌లో ఈ లెక్క మనిషి వేయనక్కర్లేదు. కొమ్మల పగడం ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, గుండ్రాయిలా ఉండే పోరైట్స్ అనే రకం సెంటీమీటరుకు అటూ ఇటూ. ఆర్నెల్ల కింద బొటనవేలంత పిలకగా నమోదైన పోరైట్స్ ఇవాళ కొబ్బరికాయంత ఉందని ఫోటో వస్తే, ఎవరో ఎక్కడో దిబ్బ మీద సుత్తి వేశారని అర్థం. రోడ్డు మీద చెక్‌పోస్టు పట్టుకోలేనిది ఈ కూడికలు తీసివేతలు పట్టుకుంటాయి.

సంతబొమ్మాళి, గార వైపు వనామీ రొయ్యల చెరువులున్నవాళ్ళకి ఈ కథ కొత్త కాదు. అమెరికా 2018 డిసెంబరు 31 నుంచి దిగుమతి రొయ్యకు పట్టిన చోటు దాకా వివరాలు అడుగుతోంది. యూరప్‌కు వెళ్ళాలంటే పట్టుబడికి ముందే శాంపిల్ తీసి యాంటీబయాటిక్ అవశేషాలు లేవని పరీక్ష చేయించాలి. ఆ కాగితం మీద చెరువు వివరం ఉంటుంది. రొయ్యకి బిళ్ళ కట్టలేరు కాబట్టి చెరువుకి కట్టారన్నమాట. పట్టుబడి రోజు తెల్లవారుజామున ఐసు పెట్టెలు లారీకి ఎక్కేటప్పుడు, ఒక చెరువు కాగితంతో పక్క చెరువు సరుకు కలవకుండా చూసేది ఏ సర్వరూ కాదు, అక్కడ నిలబడ్డ మనిషి. పలాస జీడిపప్పుదీ ఇలాంటి వ్యవహారమే. ఇక్కడి తోటల పంట చాలక ఫ్యాక్టరీలు ఆఫ్రికా దేశాల గింజ కూడా తెప్పించుకుంటాయి. రెండూ ఒకే బాయిలరులో ఉడికాక, ఒకే చేతుల్లో ఒలిచాక, పప్పు ఏ దేశపు చెట్టుదో పప్పు చెప్పదు. కలిసిపోయాక వెతకడానికి ఏ యాప్ అయినా ఒకటే. కలవకముందు కట్టిన ముడే లెక్కలోకి వస్తుంది.

బ్లాక్‌చైన్ పెడితే అన్నీ సర్దుకుంటాయని చెప్పేవాళ్ళ మీద అందుకే కాస్త అనుమానం ఉంచుకోవాలి. రాసింది తర్వాత చెరపకుండా అది కాపాడుతుంది, నిజమే. రాసేటప్పుడే అబద్ధం రాస్తే ఆ అబద్ధాన్నీ అంతే భద్రంగా కాపాడుతుంది. అబద్ధాన్ని బయటపెట్టే సాక్షి పగడంలోనే ఉంది. 2020లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు నగలోని పగడం నుంచి కొద్ది మిల్లీగ్రాముల పొడి గీకి, డీఎన్‌ఏ తీసి, అది ఏ జాతిదో చెప్పగలిగారు. సానబట్టి, మెరుగుపెట్టి, దండ గుచ్చాక కూడా. ప్రతి పూసకీ ఈ పరీక్ష కుదరదు. వెయ్యింటికి ఒకటి ఎక్కడైనా ఎప్పుడైనా చేస్తారని తెలిస్తే చాలు, యాప్‌లో రకం గడి నింపేవాడి వేలు ఒక్క క్షణం ఆగుతుంది.

మిగిలింది, ఆ గడి నింపేవాడికి ఏం దక్కుతుందన్నది. ఈ విషయంలో చాలా పథకాలు దారి తప్పుతాయి. జాడ తెలిసిన సరుక్కి ధర పెరిగితే ఆ పెరిగింది ఎగుమతిదారు దగ్గరే ఆగిపోతుంది, పని మాత్రం పడవ మీదివాడికి పెరుగుతుంది. గుజరాత్ తీరంలో ఇందుకు భిన్నంగా ఒకటి జరిగింది. వలలో తిమింగల సొర పడితే వల కోసి వదిలేయాలి, అదీ 2001 నుంచి మొదటి షెడ్యూలు జీవే. వల పోతే నష్టం ఎవరు భరిస్తారు? జాలర్ల చేతికి కెమెరాలిచ్చారు. వదిలేస్తున్నట్టు ఫోటో చూపిస్తే 25,000 రూపాయల దాకా పరిహారం ఇచ్చారు. అధికారి పడవ వచ్చేదాకా చేపను పట్టి ఉంచాల్సిన పని తప్పింది. ఫోటో అక్కడ జాలరి మీద నిఘాగా కాకుండా జాలరి చేతి రసీదుగా పనిచేసింది.

అదే పద్ధతి ఇక్కడి తీరానికి తెచ్చి, వలలో సముద్రపు విసనకర్ర చిక్కినప్పుడు ఒక ఫోటో తీసి పంపమంటే ఎలా ఉంటుంది? బిళ్ళ అక్కర్లేదు, కోత అసలే లేదు. విడదీసి నీళ్ళలో వదిలే ముందు ఒక నొక్కు. ఉత్తరాంధ్ర సముద్రం అడుగున రాతి నేల ఎక్కడెక్కడ ఉందో, దాని మీద ఏం బతుకుతోందో చవగ్గా తెలిసిపోతుంది. పరిశోధకులకు ఇంతకంటే ఏం కావాలి?

అడ్డం వచ్చేది ఇంకోటి. రాతి నేల ఉన్నచోటే పెద్ద చేప ఉంటుంది. కళింగపట్నంలోనో విజయనగరం తీరపు చింతపల్లిలోనో ఫైబర్ బోటు నడిపే మనిషి జీపీఎస్ పెట్టెలో ఏళ్ళ తరబడి దాచుకున్న పాయింట్లు ఉంటాయి. బోటు అమ్మితే ముందు అవి తుడిచి అమ్ముతాడు. యాప్ అతని దగ్గర ఫోటో అడగొచ్చు, లోతు అడగొచ్చు. చోటు మాత్రం పది కిలోమీటర్ల గడిగా మసకబార్చి తీసుకోవాలి. సరిగ్గా ఎక్కడ అని అడిగితే అతను ఒడ్డుకు దగ్గర్లో ఏదో ఒక ఇసుక నేల చూపిస్తాడు. అసలు పాయింటు కొడుక్కి తప్ప ఇంకెవరికీ చెప్పడు.